మురుగు కాలువ చివరి తలుపు

సంక్రాంతికి పెదపారుపూడి వెళ్లినప్పుడు మా బాబాయి అరుగు మీద కూర్చోబెట్టి ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. "చూడరా, నా మంచి కొలెస్ట్రాల్ యాభై ఆరు. మనూళ్లో ఎవరికీ ఇంత లేదంట. ఇంకా ఆ మాత్ర ఎందుకు?" అన్నాడు. అప్పటికే రెండు నెలలుగా రాత్రి వేసుకునే కొలెస్ట్రాల్ మాత్ర మానేశాడని పిన్ని వంటింట్లోంచి చెప్పింది.

కాగితంలో మొత్తం కొలెస్ట్రాల్ 218, ట్రైగ్లిసరైడ్లు 150, ఎల్‌డీఎల్ 132, హెచ్‌డీఎల్ 56. బాబాయికి 61 ఏళ్లు, బీపీ ఉంది. మా తాతయ్య 52 ఏళ్లకే పొలం గట్టు మీద గుండె పట్టుకుని కూలిపోయాడు. ఇన్ని ఉండగా బాబాయి కంటికి ఆనింది ఆ 56 ఒక్కటే. ఆయన్ని తప్పుపట్టలేను. "మంచి కొలెస్ట్రాల్, చెడ్డ కొలెస్ట్రాల్" అని మనకు నేర్పిన మాటల్లోనే ఆ పొరపాటు ఉంది. మంచిది ఎక్కువుంటే చెడ్డదాన్ని అదే చూసుకుంటుందిలే అని ఎవరికైనా అనిపిస్తుంది. అలా ఎందుకు జరగదో తెలియాలంటే ఏ లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులోనూ కనిపించని ఒక ఎంజైము గురించి తెలియాలి. దాని పేరు లెసిథిన్ కొలెస్ట్రాల్ ఎసైల్ ట్రాన్స్‌ఫరేస్. పేరు పొడుగు కాబట్టి డాక్టర్లు ఎల్‌క్యాట్ అంటారు, మనమూ అలాగే అందాం. దీన్ని కాలేయం తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. రక్తకణాలు తీసేయగా మిగిలే పసుపుపచ్చ ద్రవం, ప్లాస్మా, అందులో ఇది పనిచేస్తుంది.

డెల్టాలో పుట్టినవాడికి ఈ పని చెప్పడం తేలిక. మన పొలానికి రెండు రకాల కాలువలు కావాలి. ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే పంట కాలువ నీళ్లు తెస్తుంది. మురుగు కాలువ, అదే డ్రెయిన్, ఎక్కువైన నీళ్లను సముద్రానికి తీసుకుపోతుంది. కొలెస్ట్రాల్ కూడా నీళ్లలాంటిదే, అది లేకుండా ఒంట్లో ఏ కణమూ నిలవదు. కణాల పొరలకు, కొన్ని హార్మోన్లకు, పైత్యరసానికి, డి విటమిన్‌కు అదే ముడిసరుకు. కాలేయం నుంచి కణాలకు కొలెస్ట్రాల్‌ను మోసుకొచ్చేది ఎల్‌డీఎల్, అంటే పంట కాలువ. కణాల్లో మిగిలిపోయినదాన్ని తిరిగి కాలేయానికి మోసుకెళ్లే హెచ్‌డీఎల్ మురుగు కాలువ. కాలేయం దాన్ని పైత్యరసంలో కలిపి పేగుల ద్వారా బయటికి పంపిస్తుంది.

మరి ఎల్‌క్యాట్ ఎక్కడ? ఒకసారి దివిసీమ వైపు వెళ్లిరండి. నాగాయలంక, కోడూరు అవతల మురుగు కాలువలు సముద్రంలో కలిసే చోట్ల షట్టర్లు ఉంటాయి. ఆటు సమయంలో నీళ్లు బయటికి పోతాయి. పోటు వచ్చినప్పుడు షట్టరు లేకపోతే అదే నీరు, దాంతోపాటు ఉప్పునీరూ, వెనక్కి ఎగదన్ని చేలల్లోకి వస్తుంది. కాలువ ఎంత వెడల్పు తవ్వినా ఆ తలుపు పనిచేయకపోతే శివారు రైతుకు ముంపు తప్పదు.

హెచ్‌డీఎల్ మొదట్లో పలచని అప్పడంలా బల్లపరుపుగా ఉంటుంది. రక్తనాళం గోడలోని కణం నుంచి కొలెస్ట్రాల్ దాని మీదికి ఎక్కుతుంది గానీ అక్కడ కుదురుగా ఉండదు. ఎక్కినంత తేలిగ్గా దిగి కణంలోకి తిరిగి వెళ్లిపోగలదు. ఎల్‌క్యాట్ ఇక్కడే వస్తుంది. పక్కనే ఉన్న లెసిథిన్ అనే కొవ్వు నుంచి ఒక కొవ్వు ఆమ్లాన్ని విడదీసి కొలెస్ట్రాల్‌కు అతికిస్తుంది. అలా అతికిన కొలెస్ట్రాల్‌కు ఇక నీరు పడదు. అంచున నిలవలేక హెచ్‌డీఎల్ లోపలికి మునిగిపోతుంది. వెనక్కి వెళ్లే దారి మూసుకుంటుంది. అంచు మీద ఖాళీ అయిన చోటుకు గోడలోంచి మరికొంత కొలెస్ట్రాల్ వచ్చి ఎక్కుతుంది. ఇలా సరుకు నిండేకొద్దీ ఆ అప్పడం ఉబ్బి పూరీలా గుండ్రమవుతుంది. మన ప్లాస్మాలోని కొలెస్ట్రాల్‌లో దాదాపు మూడింట రెండు వంతులు ఇలా అతికి ఉన్నదే. అందులో ఎక్కువ భాగం ఈ ఒక్క ఎంజైము చేతి పని.

దీని ఆచూకీ మొదట ఒక సీసాలో దొరికింది. 1935లో అమెరికాలో వారెన్ స్పెర్రీ అనే శాస్త్రవేత్త ప్లాస్మాను ఒంటి వేడిమి దగ్గర నిలవ ఉంచి చూశాడు. మొత్తం కొలెస్ట్రాల్ మారలేదు గానీ అతకని కొలెస్ట్రాల్ మాత్రం తగ్గిపోయింది. మనిషి లేడు, కాలేయం లేదు, ప్లాస్మాలోనే ఏదో పనిచేస్తోంది. అదేమిటో, ఎలా చేస్తోందో 1962లో జాన్ గ్లామ్‌సెట్ తేల్చాడు. కణాల నుంచి కాలేయానికి కొలెస్ట్రాల్ తిరుగు ప్రయాణం చేస్తుందనీ, ఆ ప్రయాణంలో ఈ ఎంజైముకు చోటు ఉందనీ 1968లో ప్రతిపాదించిందీ ఆయనే.

ఈ పరిశోధనల్లో మనవాడి చేయి కూడా ఉందని చెప్పకుండా ముందుకు పోలేను. లెసిథిన్‌లో భాస్వరం ఉంటుంది. రక్తంలో అలాంటి కొవ్వులు ఎన్ని ఉన్నాయో కొలవాలంటే ఆ భాస్వరాన్ని కొలవాలి. దానికి ప్రపంచంలోని ప్రయోగశాలలు దశాబ్దాల పాటు వాడిన రంగు పరీక్షను 1925లో ప్రచురించినవాళ్లు ఇద్దరు, సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు. సుబ్బారావు కొల్లేరుకు అవతల, భీమవరంలో పుట్టినవాడు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో, 53 ఏళ్లకే, ఆయన గుండె ఆగిపోయింది. మా తాతయ్య పోయిన వయసుకు ఒక్క ఏడు ఎక్కువ. ఆ ఇద్దరి వయసులూ పక్కపక్కన తలచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. ఆనాడు ఏ మాత్రా లేదు. బాబాయికి ఉంది.

ఎల్‌క్యాట్ అనే ఆ తలుపు అసలే లేకపోతే ఏమవుతుంది? 1967లో నార్వేలో కారె నోరుమ్, ఎగిల్ యోనే అనే ఇద్దరు వైద్యులు 33 ఏళ్ల స్త్రీ ఒకామెను పరీక్షించారు. రక్తహీనత, మూత్రంలో ప్రొటీన్ పోవడం, కంటి నల్లగుడ్డు మీద బూడిదరంగు మసక. ఆమె రక్తంలో ఎల్‌క్యాట్ పనిచేయడం లేదు. అక్కచెల్లెళ్లలోనూ అదే లోపం కనిపించింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ చెడితేనే వచ్చే అరుదైన జబ్బు ఇది. ఇలాంటివాళ్ల హెచ్‌డీఎల్ పాతాళంలో ఉంటుంది. అయితే వాళ్లందరికీ చిన్న వయసులోనే గుండెపోట్లు వస్తాయనుకుంటే అలా జరగలేదు. వాళ్లను ఎక్కువగా దెబ్బతీసింది కిడ్నీలు. ఇదే లోపం పాక్షికంగా ఉన్న కుటుంబాన్ని స్వీడన్‌లో 1979లో గుర్తించారు. వాళ్ల కళ్లు ఉడికిన చేప కళ్లలా తెల్లబారతాయి కాబట్టి దానికి చేపకన్ను జబ్బు అని పేరు పెట్టారు.

మేనరికాలు ఇంకా జరుగుతున్న మన ప్రాంతంలో ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. హెచ్‌డీఎల్ పదికి అటూ ఇటూ ఉండి, కంట్లో మసక గానీ మూత్రంలో నురగ గానీ ఉంటే అది నూనె మార్చితే పోయే సమస్య కాదు. కిడ్నీ డాక్టరు చూడాలి.

ఇప్పుడు బాబాయి ప్రశ్నకు వద్దాం. హెచ్‌డీఎల్ పెంచితే గుండెకు మేలేనా? మందుల కంపెనీలు కూడా సరిగ్గా ఇదే అనుకున్నాయి. టార్సెట్రాపిబ్ అనే మందు 15 వేల మందికి పైగా పాల్గొన్న పరీక్షలో హెచ్‌డీఎల్‌ను 70 శాతానికి పైగా పెంచింది. 2006 డిసెంబరులో ఆ పరీక్షను అర్ధాంతరంగా ఆపేశారు, మందు వేసుకున్నవాళ్లలోనే మరణాలు ఎక్కువయ్యాయి కాబట్టి. ఎల్‌డీఎల్‌ను తగ్గించే స్టాటిన్ మందు వాడుతున్నవాళ్లకు అదనంగా నియాసిన్ అనే మందు ఇచ్చిన పరీక్ష 2011లో ఆగిపోయింది. హెచ్‌డీఎల్ పెరిగింది, గుండెపోట్లు తగ్గలేదు. చివరికి ఎల్‌క్యాట్‌నే ప్రయోగశాలలో తయారుచేసి, గుండెపోటుతో వచ్చినవాళ్లకు సూది ద్వారా ఎక్కించి చూశారు. అప్పుడూ హెచ్‌డీఎల్ పెరిగింది. గుండె కండరానికి జరిగిన నష్టం మాత్రం తగ్గలేదు. మరోవైపు, హెచ్‌డీఎల్ మరీ విపరీతంగా ఉన్న మగవాళ్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని కోపెన్‌హాగెన్ పరిశోధకులు 2017లో చెప్పారు.

కారణం మళ్లీ మన డెల్టాలోనే కనిపిస్తుంది. ఇందాక మురుగు కాలువ నీళ్లన్నీ సముద్రానికి పోతాయన్నాను. శివారు రైతు ఆ మాట ఒప్పుకోడు. పంట కాలువ అందని రోజుల్లో డ్రెయిన్‌లో ఇంజను పెట్టి అదే నీళ్లను మళ్లీ చేలోకి తోడుకుంటాడు. ఒంట్లోనూ అంతే. ఎల్‌క్యాట్ అతికించిన కొలెస్ట్రాల్‌లో చాలా భాగం నేరుగా కాలేయానికి వెళ్లదు. దారిలో మరో ప్రొటీన్ దాన్ని ఎల్‌డీఎల్‌లోకి బదిలీ చేస్తుంది. ఆ ఎల్‌డీఎల్‌ను కాలేయం పట్టుకుంటే సరే, లేకపోతే ఆ సరుకు మళ్లీ రక్తనాళాల్లోనే తిరుగుతుంది. అందుకే తలుపు ఎంత బాగా పనిచేసినా, పంట కాలువ గట్లు తెగేలా పారుతుంటే ముంపు ముంపే. రిపోర్టులోని హెచ్‌డీఎల్ అంకె కాలువలో నీళ్లు ఎంత ఉన్నాయో చెబుతుంది. ఎంత బయటికి పోయాయో చెప్పదు.

కాబట్టి రిపోర్టు చేతికి రాగానే ఒక పని చేయండి, పెన్ను తీసుకుని మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను తీసేయండి. బాబాయికి 218లోంచి 56 పోతే 162. దీన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు. రక్తనాళం గోడలో చేరి పేరుకునే కొలెస్ట్రాల్ మొత్తం ఈ అంకెలోనే ఉంటుంది. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను విడిగా కొలవరు. 1972లో ఫ్రీడ్‌వాల్డ్ చెప్పిన లెక్క ప్రకారం రక్తంలోని మరో రకం కొవ్వైన ట్రైగ్లిసరైడ్లను ఐదుతో భాగించి, ఆ వచ్చినదాన్ని నాన్ హెచ్‌డీఎల్‌లోంచి తీసేస్తారు. 150ని ఐదుతో భాగిస్తే 30. 162లోంచి 30 పోతే 132, బాబాయి కాగితంలో ఉన్న అంకె అదే. ట్రైగ్లిసరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు, అప్పుడు నేరుగా కొలిపించుకోవాలి. జ్వరమో కామెర్లో తగ్గిన వెంటనే పరీక్ష చేయించుకోకండి, అంకెలు తప్పుదారి పట్టిస్తాయి.

పక్కింటాయన అంకెతో మీ అంకెను పోల్చుకోవద్దు. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లకు ఎల్‌డీఎల్ 70 లోపు చాలదని, 50 లోపు ఉండాలని మన దేశ లిపిడ్ నిపుణుల సంఘం చెబుతోంది. గుండెజబ్బు, షుగరు, బీపీ, పొగ అలవాటు ఏవీ లేనివాళ్లకు అంత పట్టింపు అక్కర్లేదు. మీ లక్ష్యం ఎంతో మీ డాక్టరును అడిగి, ఆ అంకెను అదే కాగితం మీద రాయించుకోండి. నేను చూసిన రిపోర్టుల్లో అలా రాయించుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఎల్‌డీఎల్‌ను తగ్గించడం గురించి మాత్రం ఊగిసలాట లేదు. దాన్ని డెసిలీటరుకు సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గిస్తే గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు ఐదో వంతు తగ్గుతాయని పెద్ద పెద్ద పరీక్షలన్నీ కలిపి చూస్తే తేలింది. ఆ పని చేసే స్టాటిన్ మందు పుట్టుక వరి పండించేవాళ్లకు నచ్చుతుంది. జపాన్‌లో అకిరా ఎండో ఆరు వేలకు పైగా సూక్ష్మజీవుల్ని జల్లెడపట్టి 1973లో మొదటి స్టాటిన్‌ను కనిపెట్టాడు. దాన్నిచ్చింది క్యోటోలో ఒక ధాన్యం కొట్టులోని బియ్యం మీద పట్టిన బూజు. అది కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకుంటుంది. కొరత పడ్డ కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా లోపలికి లాక్కుంటుంది. ఒళ్లు నొప్పులు వస్తే మోతాదు మార్చవచ్చు, మందే మార్చవచ్చు, అది డాక్టరుతో మాట్లాడి చేయాల్సిన పని. అంకె బాగుందని మాత్ర మానేయడం, చేను ఎండాకాలంలో పొడిగా ఉందని గండి పూడ్చడం మానేయడం లాంటిది.

తిండి విషయానికి వస్తే, మన పళ్లెంలో గుండెకు పని పెంచేది చాలాసార్లు కొవ్వు కన్నా ముందు అన్నమే. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన 5204 సన్నబియ్యం మన ఇళ్లకు రాణి. తెల్లగా పట్టించిన ఆ అన్నం మూడు పూటలా కొండలా పెట్టుకుంటే, ఒంటికి పని లేనప్పుడు మిగిలిన పిండిపదార్థాన్ని కాలేయం ట్రైగ్లిసరైడ్లుగా మారుస్తుంది. అవి హెచ్‌డీఎల్‌లోకి చొరబడితే హెచ్‌డీఎల్ త్వరగా కరిగిపోతుంది. మన దేశంలో నాలుగు ప్రాంతాల్లో ఐసీఎంఆర్ చేయించిన సర్వేలో 72 శాతం మందికి హెచ్‌డీఎల్ తక్కువగా తేలింది. మా నాన్న తరం అంత అన్నం తిని అంత దుక్కీ దున్నింది. ఇప్పుడు ట్రాక్టరు దున్నుతోంది, యంత్రం కోస్తోంది, అన్నం మాత్రం తగ్గలేదు. రాత్రి అన్నాన్ని సగానికి తగ్గించి ఆ చోట పప్పు, ఆకుకూర, చేపల పులుసు పెట్టండి. సాయంత్రం గట్టు వెంట అరగంట చెమట పట్టేలా నడవండి. పామాయిల్‌లో దాదాపు సగం, నెయ్యిలో అంతకన్నా ఎక్కువ సంతృప్త కొవ్వే. ఎల్‌డీఎల్‌ను పెంచేది అది. బందరు లడ్డు పండక్కి తినండి, రోజూ వద్దు.

లెసిథిన్ మాత్రల గురించి కూడా అడుగుతారు. ఎల్‌క్యాట్‌కు లెసిథిన్ కావాలి కదా, మింగితే సరి అని ఎవరో అమ్ముతారు. లెసిథిన్ అనే పేరే గ్రీకు భాషలో గుడ్డు పచ్చసొనకున్న మాట నుంచి వచ్చింది. సొన తిన్నా మాత్ర మింగినా పేగులు దాన్ని ముక్కలు చేసేస్తాయి, అది అలాగే వెళ్లి ఎంజైము చేతికి అందదు. ఆ డబ్బుతో కందిపప్పు కొనుక్కోండి.

ఇంకో నమ్మకం ప్రాణాలు తీస్తోంది. రోజూ ఒక పెగ్గు వేస్తే మంచి కొలెస్ట్రాల్ పెరుగుతుందట. ఆ అంకె పెరిగే మాట నిజమే. దాంతోపాటు ట్రైగ్లిసరైడ్లూ పెరుగుతాయి, కాలేయం చెడుతుంది. ఎల్‌క్యాట్‌ను తయారుచేసేదే కాలేయం. కాలేయ జబ్బు ముదిరినవాళ్లలో ఈ ఎంజైము పడిపోతుందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. ఇక పొగాకు సంగతి. సిగరెట్ పొగ తగిలిన ప్లాస్మాలో ఎల్‌క్యాట్ పని మందగించడాన్ని ప్రయోగశాలలో చూశారు. చుట్టయినా బీడీ అయినా పొగ పొగే. తలుపుకు తుప్పు పట్టించే పనుల్లో మీ చేతిలో ఉన్నవి ఈ రెండే, మానేయడానికి రేపటిదాకా ఆగొద్దు.

పల్లెటూళ్లలో గుండె జబ్బులేమిటి అనేవాళ్లు ఇంకా ఉన్నారు. కొల్లేరు అవతల, ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఒక ఏడాదిలో జరిగిన 1,354 మరణాలకు కారణాలు ఆరా తీసి 2006లో ప్రచురించారు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. ఆ ఊళ్లూ మన ఊళ్లలాంటివే, అదే వరి, అవే కాలువలు.

తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్ల లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండెపోటు వచ్చిందంటే అది మీకు ముందే అందిన కబురు. ఎల్‌డీఎల్ 190 దాటితే వంశపారంపర్య లోపం ఉందేమో చూడాలి. ఎల్‌క్యాట్ లోపంలా అది లక్షల్లో ఒకరికి వచ్చేది కాదు, సుమారు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఉంటుంది. ఒక్క జన్యువు చెడితే చాలు వస్తుంది. ఇంట్లో ఒకరికి తేలితే పిల్లలతో సహా అందరూ పరీక్ష చేయించుకోవాలి.

ఇదంతా ఆ పండగ సాయంత్రం బాబాయికి ఇంత వివరంగా చెప్పలేదు. పెన్ను ఇచ్చి తీసివేత మాత్రం చేయించాను. 162 అని రాసి, కింద గీత గీసి చాలాసేపు చూశాడు. "అయితే ఆ యాభై ఆరు లెక్కలోంచి తీసేసేదా?" అన్నాడు. "దాన్ని తీసేశాక మిగిలిందే మన లెక్క బాబాయ్" అన్నాను. మర్నాడు గుడివాడ వెళ్లి డాక్టరును కలిశాం. మాత్ర మళ్లీ మొదలైంది.

ఉగాది దాటాక ఫోన్ చేశాడు. మొత్తం 158, హెచ్‌డీఎల్ 53, ట్రైగ్లిసరైడ్లు 125. "మంచిది మూడు తగ్గిందిరా" అంటూనే తానే లెక్క చెప్పాడు, "నూట అయిదు మిగిలింది." ఎల్‌డీఎల్ ఎంత బాబాయ్ అంటే కాగితం చూడకుండా 80 అన్నాడు. తర్వాత కాసేపు మాట్లాడలేదు. "మీ తమ్ముడికి ముప్పై ఎనిమిది వచ్చాయి కదా. వాడు ఇంతవరకూ ఒక్కసారి కూడా రక్తం ఇవ్వలేదు. నువ్వు చెబితే వింటాడు" అన్నాడు. ఆ రాత్రే హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను. శనివారం పరగడుపున వెళ్తానన్నాడు.